ఓడ నుండి ప్యాకేజీ వరకు

బొంబాయి నుండి జిద్దాకు హజ్ ఓడలు 1995 వరకు నడిచాయి. ఆ రోజుల్లో ఎమ్మిగనూరు యాత్రికులు ఆదోని చేరి బొంబాయి రైలెక్కేవారు. ఓడ టికెట్టు వేరు, మక్కాలో బస వేరు. ఏ ఖర్చు దేనికో తెలిసేది.

నేడు విమానం, బస, భోజనం, జియారత్ అన్నీ ఒకే ప్యాకేజీలో లభిస్తున్నాయి. ఈ సౌకర్యాన్ని మేము కాదనము. అయితే సలహాకై మదరసాకు వచ్చేవారిని ముందుగా కొన్ని ప్రశ్నలు అడుగుతాము. హరమ్‌కు బస ఎంత దూరం? గదికి ఎందరు? భోజనం ఎన్ని పూటలు? ప్రయాణం రద్దయితే సొమ్ము తిరిగి ఇస్తారా? ఇవన్నీ కాగితంపై ఉన్నాయా?

చివరి ప్రశ్న: ఈ సొమ్ము మీదేనా, అప్పుదా? స్థోమత కలవారికే అల్లాహ్ హజ్‌ను విధించాడు. మగ్గం తాకట్టు పెట్టవలసి వస్తే ఆగమనే చెబుతాము.