రిచ్ మల్లిన్స్ స్నేహితులు ఏం దాచుకున్నారు, ఏం దాచలేదు

మన పట్టణ సంఘాల ఇంగ్లీషు ఆరాధనల్లో, యూత్ రిట్రీట్లలో 'ఆసమ్ గాడ్' అనే పాట వినని వారు తక్కువ. గిటారు నేర్చుకుంటున్న కుర్రవాడు మొదట వాయించే పాటల్లో అది ఒకటి. అది ఎవరు రాశారు అని అడిగితే మాత్రం చాలామంది చెప్పలేరు. రాసినది రిచ్ మల్లిన్స్ అనే అమెరికా గాయకుడు. ఆ పాట 1988లో వచ్చింది. తొమ్మిదేళ్ళ తరువాత, 1997 సెప్టెంబరు 19న, ఒక రోడ్డు ప్రమాదంలో ఆయన ప్రభువు నందు నిద్రించారు. అప్పటికి ఆయన వయసు 41 సంవత్సరాలు.

ఈ వారం ఆయన గురించి రాయడానికి కారణం ఆ పాట కాదు. ఆయన వెళ్ళిపోయాక స్నేహితులు ఆయనను జ్ఞాపకం చేసుకున్న పద్ధతి. మన సంఘాల్లో జ్ఞాపకార్థ కూడికలు ఎలా జరుగుతున్నాయో చూసినప్పుడల్లా అది గుర్తుకు వస్తుంది.

ముందు మనిషిని కొంచెం పరిచయం చేయాలి. రిచ్ 1955లో ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో పుట్టారు. తల్లి వైపు వారు క్వేకర్లు. తండ్రి నేలను నమ్ముకుని బతికిన మనిషి, మాట పొదుపు. చిన్నతనంలో ముత్తవ్వ దగ్గర కూర్చుని కీర్తనలను నాలుగు స్వరాలతో పాడటం నేర్చుకున్నారు. సిన్సినాటి బైబిల్ కాలేజీలో చదివారు. 1982లో ఆయన రాసిన ఒక పాటను ఏమీ గ్రాంట్ అనే ప్రసిద్ధ గాయని పాడటంతో పేరు తెలిసింది. తరువాత సొంత రికార్డులు వచ్చాయి. పియానో వాయించేవారు, గిటారు వాయించేవారు, దానితో పాటు డల్సిమర్ అనే వాయిద్యం వాయించేవారు. చిన్న కర్రలతో తీగలను కొట్టి వాయించే ఆ డల్సిమర్ మన సంతూర్‌కు దగ్గరి చుట్టం. 1993లో వచ్చిన రికార్డులో అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్ని పాటగా చేసి డల్సిమర్ మీద నడిపించారు. ప్రతి ఆదివారం నిలబడి, సగం నిద్రలో మనం అప్పజెప్పే ఆ ప్రమాణాన్నే ఆయన అలా పాడితే వేలమంది యువకులు గొంతు కలిపారు.

డబ్బు విషయంలో ఆయన చేసిన ఏర్పాటు గురించి చాలామంది రాశారు. రికార్డుల మీద, కచేరీల మీద వచ్చినదంతా సంఘ పెద్దల చేతికి వెళ్ళేది. ఆ ఏడాది అమెరికాలో ఒక మామూలు ఉద్యోగి సగటున ఎంత సంపాదిస్తాడో అంత మాత్రం వారు ఆయనకు జీతంగా ఇచ్చి, మిగిలినది అవసరంలో ఉన్నవారికి పంపేవారు. అసలు ఎంత వచ్చిందో తనకు చెప్పవద్దనేవారు, తెలిస్తే ఇవ్వడానికి చేయి రాదని. కాన్సాస్‌లోని విచిటా నగరంలో, పేరు వచ్చాక, పెద్ద వయసులో మళ్ళీ కాలేజీలో చేరి సంగీతం బోధించడానికి డిగ్రీ చదివారు. 1995లో పట్టా చేతికి రాగానే న్యూమెక్సికోలో నవాహో ఆదివాసీల ప్రాంతానికి వెళ్ళి, అక్కడి పిల్లలకు సంగీతం నేర్పుతూ ఉండిపోయారు. పెళ్ళి చేసుకోలేదు. ఒకసారి నిశ్చయమైన పెళ్ళి తప్పిపోయింది.

ప్రమాదం జరిగిన రాత్రి ఆయన ఇల్లినాయి రాష్ట్రం నుంచి విచిటాకు, ఒక సహాయ కచేరీలో పాడటానికి జీపులో వెళ్తున్నారు. వెంట ఉన్నది యువ సంగీతకారుడు మిచ్ మెక్‌విక్కర్. ఇద్దరూ సీటు బెల్టు పెట్టుకోలేదు. జీపు బోల్తా పడింది, ఇద్దరూ బయటికి విసిరేయబడ్డారు, వెనుక వస్తున్న ట్రక్కు జీపును తప్పించబోయి రిచ్‌ను ఢీకొన్నది. మిచ్ తీవ్రంగా గాయపడి బతికారు. సీటు బెల్టు సంగతిని స్నేహితులు ఎక్కడా మరుగుపరచలేదు. హెల్మెట్ లేకుండా కూడికలకు బైకు మీద వెళ్ళే మన సేవకులు, వారిని పంపే మన పెద్దలు ఈ ఒక్క వాక్యం మళ్ళీ చదువుకుంటే బాగుండునని మా మనవి.

ఇప్పుడు అసలు సంగతి.

చనిపోవడానికి తొమ్మిది రోజుల ముందు, సెప్టెంబరు 10న, రిచ్ ఎవరూ వాడని ఒక పాత చర్చి భవనంలో కూర్చుని చిన్న క్యాసెట్ రికార్డరులో తొమ్మిది పాటలు పాడి పెట్టుకున్నారు. తరువాత చేయబోయే రికార్డుకు అది చిత్తుప్రతి. దానికి అనుకున్న పేరు కూడా సాదాగానే ఉంది: యేసును గురించి పది పాటలు అని. అందులో ఒక పాట ఇల్లు లేని, భార్య లేని, ఆస్తి లేని యేసును గురించి. మరొకటి బాలుడైన యేసును, మరియను తీసుకుని యోసేపు ఐగుప్తుకు పారిపోయిన సంగతితో మొదలవుతుంది. మరొకటి పాట కన్నా మొర అనాలి. నిత్యత్వంలో ఉన్న నీకు కాలంలో చిక్కుకున్న మా బాధ వినబడుతుందా అని ప్రభువును నిలదీసే మొర. హబక్కూకు మొదటి అధ్యాయం చదివినవారికి అది కొత్తగా అనిపించదు.

క్యాసెట్ స్నేహితుల చేతికి వచ్చింది. టేపు బుసబుసమంటుంది. గొంతు కొన్నిచోట్ల అలసిపోయి ఉంటుంది. ఏం చేయాలి? అలాగే విడుదల చేస్తే, ఇది పూర్తి కాని పని, ఆయన ఒప్పుకునేవాడు కాదు అనవచ్చు. మంచి గాయకులతో పాడించి విడుదల చేస్తే, ఇది రిచ్ కాదు అనవచ్చు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. ఆయనతో కలిసి వాయించిన బృందం, రిక్ ఎలియాస్, మార్క్ రాబర్ట్‌సన్, జిమ్మీ అబెగ్, ఆరన్ స్మిత్, రెండు పనులూ చేశారు. 1998లో 'ద జీసస్ రికార్డ్' అనే పేరుతో రెండు డిస్కులు వచ్చాయి. ఒకదానిలో ఆ పాటలను బృందం పూర్తిగా వాయించింది. ఏమీ గ్రాంట్, మైకేల్ డబ్ల్యూ. స్మిత్, ఆష్లీ క్లీవ్‌లాండ్ వంటివారు వచ్చి గొంతు ఇచ్చారు. రెండో దానిలో ఆ క్యాసెట్ ఉన్నది ఉన్నట్టుగా ఉంది, బుసతో సహా.

వింటే తేడా తెలుస్తుంది. మొదటి డిస్కులో పాటలు ఎలా ఉండవచ్చో ఉంది. రెండోదానిలో ఒంటరిగా కూర్చున్న ఒక మనిషి ఉన్నాడు. మా ఉద్దేశంలో రెండోదే విలువైనది, కానీ మొదటిది లేకపోతే దానిని ఎంతమంది విని ఉండేవారో చెప్పలేము. బృందానికి ఆ డిస్కు ఒక విధంగా సమాధి కార్యక్రమమే. ఏడవటానికి వారికి దొరికిన చోటు స్టూడియో. మిచ్ చాలాకాలం కోలుకుని మళ్ళీ గిటారు పట్టుకుని పాడసాగారు. ఆ రికార్డును ముందుండి నడిపించిన రిక్ ఎలియాస్ 2019లో మెదడు కేన్సరుతో కన్నుమూశారు. ఆ రోజున ఆయనను జ్ఞాపకం చేసుకోవడం ఇంకొందరి వంతు అయింది.

దాచుకున్నది అది. దాచనిది కూడా చెప్పాలి.

రిచ్ పరిశుద్ధుల పటంలో బొమ్మలా బతకలేదు. సిగరెట్లు తాగేవారు. నోరు కొన్నిసార్లు అదుపులో ఉండేది కాదు. మద్యంతో పోరాటం ఉండేది. కోపం ఉండేది, ఒంటరితనం ఉండేది. తండ్రితో సరిపడని బాధ తండ్రి చనిపోయాక కూడా వదలలేదు. బ్రెన్నన్ మానింగ్ అనే రచయిత, తానూ తాగుడుతో పోరాడినవాడు, ఆయనకు ఆత్మీయ మార్గదర్శి. తండ్రి నీకు రాసినట్టుగా నీకు నువ్వే ఒక ఉత్తరం రాసుకో అని ఒక ఏకాంత ప్రార్థన సమయంలో మానింగ్ చెప్పారని, రాస్తూ రిచ్ ఏడ్చేశారని స్నేహితులు చెబుతారు. మానింగ్ పుస్తకం పేరులోని 'రాగమఫిన్' అనే మాటనే రిచ్ తన బృందానికి పెట్టుకున్నారు. చింపిరి గుడ్డలవాళ్ళు అని అర్థం. దేవుని కృప తప్ప చేతిలో మరేమీ లేనివాళ్ళమని వారి భావం.

విచిటాలో రిచ్‌కు కొంతకాలం తన ఇంట్లో చోటిచ్చిన స్నేహితుడు, ఆచార్యుడు జేమ్స్ బ్రయన్ స్మిత్ 2000లో ఆయన మీద ఒక పుస్తకం రాశారు. 2014లో ఒక సినిమా వచ్చింది. సినిమా తాగుడును, తండ్రి సంగతిని తెర మీద పెట్టింది. ఇంత చూపించాలా అని మనవంటివారికి అనిపించవచ్చు. చనిపోయినవాని తప్పులు ఎందుకు తవ్వాలి? దావీదు సౌలు కోసం విలపించినప్పుడు ఒక్క చెడ్డమాట పలికాడా?

పలకలేదు. రెండవ సమూయేలు మొదటి అధ్యాయంలో ఆ విలాపగీతం ఉంది. సౌలు చేతిలో ఏళ్ళ తరబడి తరమబడినవాడు, అతని బలాన్ని, యోనాతాను స్నేహాన్ని మాత్రమే తలచుకున్నాడు. యూదావారికి దానిని నేర్పించమని ఆజ్ఞ కూడా ఇచ్చాడు. కానీ సౌలు తన మీదికి ఈటె విసిరిన సంగతి ఎక్కడుంది? దానికి ముందున్న మొదటి సమూయేలులోనే ఉంది. ఎవరూ దానిని చెరిపివేయలేదు. పాట తన పని చేసింది, గ్రంథం తన పని చేసింది. ఇద్దరినీ ఒకే మూటలో ఉంచి సంఘానికి అప్పగించారు. పైగా రిచ్ స్నేహితులు కొత్తగా బయటపెట్టినదేమీ లేదు. తన బలహీనతలను ఆయనే వేదిక మీద నుంచి చెప్పుకునేవారు.

మన కూడికలకు వద్దాం. ఫ్లెక్సీ కడతాము. వక్తలు వరుసగా లేస్తారు. మొదటివారు గొప్ప దైవజనుడు అంటారు, రెండోవారు మహా విశ్వాసి అంటారు. మూడోవారు లేచేసరికి ఎవరి గురించి మాట్లాడుతున్నారో పటం చూస్తే గాని తెలియదు. ముందు వరుసలో ఆ మనిషి పిల్లలు కూర్చుని ఉంటారు. ఇంట్లో నాన్న ఎలా ఉండేవాడో, ఎంత పోరాడాడో, ఏ రాత్రి మోకాళ్ళ మీద ఏడ్చాడో వారికి తెలుసు. వక్తలు చెబుతున్న మనిషిని వారు ఎప్పుడూ చూడలేదు. ఆ పిల్లల్లో కొందరు తరువాత చర్చికి రావడం మానేస్తే, కారణాల్లో ఇది కూడా ఒకటై ఉంటుందేమో సంఘ పెద్దలు ఆలోచించాలి.

అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయంలో మరొక జ్ఞాపకార్థ కూడిక ఉంది. యొప్పేలో దొర్కా చనిపోయింది. పేతురు వచ్చేసరికి మేడగదిలో విధవరాండ్రు ఏడుస్తూ నిలబడి ఉన్నారు. వారు ఉపన్యాసాలు చేయలేదు. ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రాలను చూపించారు. ఆ బట్టల్లో ఆమె చేతిపని ఉంది. రిచ్ స్నేహితులు చూపించిన క్యాసెట్ ఆ కోవలోనిదే.

మన సంఘాల్లో హార్మోనియం, డోలక్, తాళాలు పట్టినవారు వెళ్ళిపోతే మనం చూపించడానికి ఏముంటుంది? ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఎన్నో పాటలకు పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. అవి చూసి నేర్చుకోగలిగినవారు ఇప్పుడు ఎంతమంది? మన ఊళ్ళో ఆ కీర్తన ఒక పద్ధతిలో పాడతారు, పక్క ఊళ్ళో మరో పద్ధతిలో. ఆ తేడా పుస్తకంలో ఉండదు, పెద్దవారి గొంతులో ఉంటుంది. కొందరు సొంతంగా పాటలు కట్టి నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. సమాధి కార్యక్రమం అయ్యాక ఆ పుస్తకం ట్రంకు పెట్టెలోకి పోతుంది, లేదా పాత కాగితాల వాడి తక్కెడలోకి.

దీనికి స్టూడియో అక్కరలేదు. జేబులో ఫోను ఉంది. పాట పాడించి, పేరు, ఊరు, తేదీ చెప్పించి, సంఘ కార్యదర్శి దగ్గర ఒక ప్రతి, కుటుంబం దగ్గర ఒక ప్రతి ఉంచితే చాలు. గొంతు వణికినా, వెనుక కోడి కూసినా ఆపవద్దు. జ్ఞాపకార్థ కూడిక రోజున వక్తల్లో ఇద్దరిని తగ్గించి ఆ రికార్డింగు వినిపించవచ్చు. ఆ తరువాత ఆ మనిషితో నిజంగా కలిసి వాయించిన ఒకరిని, ఇంట్లోవారి అనుమతితో, ఉన్నది ఉన్నట్టు పది నిమిషాలు మాట్లాడమనవచ్చు.

చాలా గ్రామ సంఘాల్లో పాత పద్ధతిలో పాడగలిగినవారు ఇప్పుడు ఒకరిద్దరే ఉన్నారు. వారి వయసు డెబ్బై దాటింది.