ఐడిల్ అంటే ఖాళీగా ఉన్నట్టు కాదు

పోయిన సెమిస్టర్‌లో, ప్రాజెక్ట్ రివ్యూకి ముందు రాత్రి, ఒకే ఒక్క కమాండ్‌తో ఓ సీనియర్ అక్క ఆరు గంటల పనిని మట్టిపాలు చేశాను. మీరు ఆ తప్పు చెయ్యకూడదనే ఇది రాస్తున్నా.

ల్యాబ్‌లోని లైనక్స్ సర్వర్‌కి హాస్టల్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్తాం. అందరికీ ఒకటే యూజర్‌నేమ్. ఆ రాత్రి వైఫై పోయి నా టెర్మినల్ బిగుసుకుపోయింది. మళ్ళీ లాగిన్ అయి చూస్తే పాత సెషన్ ఇంకా బతికే ఉంది. ఇటువైపు నెట్ పోయిన సంగతి సర్వర్‌కి వెంటనే తెలీదు మరి. ఈలోగా నా పాత ప్రోగ్రామ్ జీపీయూ మెమరీని వదలట్లేదు.

'డబ్ల్యూ' అన్న ఒంటి అక్షరం కమాండ్ కొట్టాను. ఎవరెవరు ఏ టెర్మినల్‌లో ఉన్నారో వరసగా వచ్చింది. పేరు ఒకటే, హాస్టల్ ఐపీ అడ్రసూ ఒకటే. పీటీఎస్ 1 పక్కన ఐడిల్ టైమ్ గంటల్లో ఉంది. ఇదే నా పాత సెషన్ అనుకుని, 'పీకిల్'కి ఆ టెర్మినల్ నంబరు ఇచ్చి ఎంటర్ కొట్టేశా. పది నిమిషాల్లో అక్క ఫోన్: "తమ్ముడూ, సర్వర్‌లో ఏమైనా చేశావా?"

ఐడిల్ లెక్క కీబోర్డుది, ప్రోగ్రామ్‌ది కాదు. అక్క ట్రైనింగ్ రన్ చేసి కీబోర్డు ముట్టుకోలేదు, అంతే. లోపల పని జరుగుతూనే ఉంది. వరస చివర ఏ ఫైల్ నడుస్తోందో కూడా ఉంటుంది. నేనది చూడనేలేదు.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఇది. ముందు 'టీటీవై' కొట్టి నేనున్న టెర్మినల్ ఏదో తెలుసుకుంటా, లేకపోతే కూర్చున్న కొమ్మనే నరుక్కుంటాం. తర్వాత లాగిన్ టైమ్, నడుస్తున్న ఫైల్ పేరు రెండూ చూస్తా. అనుమానం వస్తే గ్రూప్‌లో అడుగుతా. తీసేయాల్సి వస్తే ముందు హప్ సిగ్నల్ పంపుతా. హప్ అంటే హ్యాంగప్, ఫోన్ పెట్టేయడమన్నమాట. దానికీ లొంగకపోతేనే కిల్ సిగ్నల్. దాన్ని ఏ ప్రోగ్రామూ ఆపలేదు, సర్దుకునే టైమ్ కూడా దొరకదు.

మన విండో మాత్రమే బిగుసుకుంటే ఎంటర్, టిల్డా, చుక్క వరసగా కొట్టండి. మన వైపు కనెక్షన్ తెగిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, పెద్ద పనుల్ని టీమక్స్‌లో మొదలుపెట్టండి. నెట్ పోయినా ప్రోగ్రామ్ ఆగదు. మళ్ళీ లాగిన్ అయి 'టీమక్స్ అటాచ్' అంటే వదిలిన చోటే ఉంటుంది.

అక్క తిట్టలేదు. ట్రైనింగ్ మళ్ళీ మొదలుపెట్టి, "టీ తీసుకురా" అంది. తెల్లారేదాకా పక్కనే కూర్చున్నా. రివ్యూకి సగం గ్రాఫ్‌తోనే వెళ్ళింది. ఆ మిగతా సగం నా బాకీ.