కడుపు తీయించుకోవడం నేరమా? అపోహలు – వాస్తవాలు

మైపాడు, కృష్ణపట్నం, ఇసకపల్లి, జువ్వలదిన్నె. నెల్లూరు తీరంలో ఏ ఊరైనా సరే, నెల తప్పిన ఆడమనిషి ఆ గర్భం వద్దనుకుంటే ముందు ఆమెను పట్టుకునేది భయం. పోలీసు కేసవుతుందేమో, మొగుడి సంతకం అడుగుతారేమో, ఊరంతా తెలిసిపోతుందేమో అన్న బెంగతోనే రోజులు గడిచిపోతాయి. గడిచే ప్రతి వారమూ ప్రమాదాన్ని పెంచుతుంది, చట్టం ఇచ్చే వెసులుబాటును తగ్గిస్తుంది. గర్భస్రావం ధర్మమా అధర్మమా అన్న వాదన ఈనాటిది కాదు, రేపటితో తీరేదీ కాదు. ఆ వాదనలో ఎటువైపు నిలబడాలన్నా ముందు నిజాలు తెలిసి ఉండాలి.

అపోహ 1: స్కానింగ్ సెంటర్లో బోర్డే పెట్టారు కదా, అబార్షన్ నేరం.

వాస్తవం: ఆ బోర్డు చెప్పేది వేరే సంగతి. కడుపులో ఉన్నది ఆడబిడ్డో మగబిడ్డో చెప్పడం 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద నేరం. గర్భస్రావానికి వేరే చట్టం ఉంది. శాంతిలాల్ షా కమిటీ 1966లో ఇచ్చిన నివేదిక ఆధారంగా పార్లమెంటు 1971లో వైద్యపరంగా గర్భం తొలగించడానికి సంబంధించిన చట్టం (ఎంటీపీ చట్టం) చేసింది. 1972 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. 2022లో గర్భస్రావ హక్కును కొట్టేసింది అమెరికా సుప్రీంకోర్టు. మన దేశంలో చట్టం అలాగే ఉంది.

అలాగని అడగ్గానే చేసేస్తారనుకోవడమూ పొరపాటే. ఎంటీపీ చట్టం పరిధి దాటి చేసే గర్భస్రావం భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ కింద ఇప్పటికీ నేరం. తల్లి ప్రాణానికి ముప్పు, ఆమె శారీరక లేదా మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని, పుట్టబోయే బిడ్డకు తీవ్రమైన లోపం, వీటిలో ఏదో ఒకటి ఉందని డాక్టరు అభిప్రాయపడాలి. అత్యాచారం వల్ల వచ్చిన గర్భాన్నీ, కుటుంబ నియంత్రణ సాధనం విఫలమై వచ్చిన గర్భాన్నీ మానసిక ఆరోగ్యానికి హానిగానే చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు.

అపోహ 2: భర్త గానీ అత్తమామలు గానీ సంతకం పెట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు. 18 ఏళ్లు నిండిన స్త్రీ అయితే ఆమె ఒక్కతే సంతకం పెడితే చాలు. ఆ పత్రం పేరు ‘ఫారం సి’. మైనరుకు, మానసిక అస్వస్థత ఉన్నవారికి మాత్రమే సంరక్షకుల సంతకం కావాలి. ఆమె ఒప్పుకోకుండా బలవంతంగా కడుపు తీయించే అధికారం భర్తకూ లేదు, అత్తకూ లేదు. సంతానం విషయంలో నిర్ణయం స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2009లోనే సుచితా శ్రీవాస్తవ కేసులో చెప్పింది.

అపోహ 3: పెళ్లికాని పిల్లకు చట్టం వర్తించదు.

వాస్తవం: వర్తిస్తుంది. 2021 సవరణ ‘వివాహిత, ఆమె భర్త’ అన్న మాటలు తీసేసి ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అని రాసింది. 2022 సెప్టెంబరు 29న జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం, కొందరు స్త్రీలకు 24 వారాల దాకా ఉన్న వెసులుబాటు (దాని వివరం అపోహ 4లో) పెళ్లికాని స్త్రీలకూ వర్తిస్తుందని తేల్చింది. భర్త బలవంతం చేయడం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా ఈ చట్టం వరకు అత్యాచారం కిందే చూడాలని అదే తీర్పులో ఉంది.

అపోహ 4: అయిదో నెల దాటితే ఇక దారే లేదు.

వాస్తవం: కొందరికి ఉంది. అత్యాచార బాధితులు, మైనర్లు, దివ్యాంగులు, గర్భంతో ఉండగా భర్తను పోగొట్టుకున్నవారు, విడాకులు పొందినవారు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా చేయించుకోవచ్చు. వేటకెళ్లిన మనిషి తిరిగిరాక వితంతువైన ఆడబిడ్డకు ఈ నిబంధన వర్తిస్తుందని తీరగ్రామాల్లో తెలియాలి.

ప్రభుత్వం ప్రకటించిన విపత్తుల్లో చిక్కుకున్నవారూ ఆ జాబితాలో ఉన్నారు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రోజుల్లో ఆసుపత్రికి చేరలేక వారాలు దాటిపోతాయి కాబట్టే ఆ నిబంధన.

24 వారాలు దాటాక పిండంలో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది. తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణం అవసరమైతే వారాల లెక్కే లేదు. మిగతావాళ్లు కోర్టుకు వెళ్లాలి. 2021 అక్టోబరులో తెలంగాణ హైకోర్టు అత్యాచారానికి గురైన 16 ఏళ్ల బాలికకు 26 వారాల గర్భం తొలగించడానికి అనుమతిచ్చింది. కోర్టు ఖర్చుకు వెనకాడక్కర్లేదు. ఆదాయంతో పనిలేకుండా స్త్రీలందరికీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది. ఫోన్ నంబరు 15100.

అపోహ 5: షాపులో మాత్రలు తెచ్చుకుంటే సరిపోతుంది, లేదా ఊళ్లో ఆర్ఎంపీ చూసుకుంటాడు.

వాస్తవం: మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ మాత్రలు మంచి మందులే. తొమ్మిది వారాల లోపు, డాక్టరు చూసి ఇస్తేనే. వారాలు ఎలా లెక్కపెడతారో చాలామందికి తెలియదు. కలిసిన రోజు నుంచి కాదు, ఆఖరిసారి ముట్టయిన మొదటి రోజు నుంచి లెక్క. ‘ఒక్క నెలే తప్పింది’ అనుకునేసరికే ఆరేడు వారాలు నిండి ఉంటాయి. పిండం గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ సంగతి పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. ఊళ్లో మనం ఆర్ఎంపీ అని పిలిచేవారికి గర్భస్రావం చేసే అర్హత లేదు. స్త్రీల వైద్యంలో పీజీ చేసినవారు గానీ, ఇందుకు శిక్షణ పొందిన ఎంబీబీఎస్ డాక్టర్లు గానీ చేయాలి. ప్రైవేటు ఆసుపత్రికి ప్రత్యేక ఆమోదం ఉండాలి, ప్రభుత్వ ఆసుపత్రికి అది అక్కర్లేదు.

అపోహ 6: ఒకసారి తీయిస్తే మళ్లీ కడుపు పండదు. పాలిచ్చే తల్లికి అసలు నెలే నిలవదు.

వాస్తవం: రెండూ తప్పే. అర్హత ఉన్న డాక్టరు సరైన పద్ధతిలో చేస్తే పిల్లలు పుట్టకుండా పోరు. రెండు వారాల్లోనే మళ్లీ గర్భం నిలిచే అవకాశం ఉంటుంది కూడా. నాటు పద్ధతుల్లో చేయించుకుని ఇన్‌ఫెక్షన్ సోకితేనే ఆ ముప్పు. ఇక పాలిచ్చే తల్లికి ముట్టు రాకపోయినా గర్భం రావచ్చు.

అపోహ 7: పెద్దాసుపత్రికి వెళితే ఊరంతా తెలిసిపోతుంది.

వాస్తవం: అడ్మిషన్ రిజిస్టరులో తప్ప కేస్ షీట్ మీద గానీ, ఆపరేషన్ థియేటర్ రిజిస్టరులో గానీ ఆమె పేరు రాయకూడదు, వరుస సంఖ్యే రాయాలి. ఆ అడ్మిషన్ రిజిస్టరు రహస్య పత్రం. చట్టం అనుమతించిన వారికి తప్ప వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలు పడవచ్చు. మైనరు విషయంలో పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కింద పోలీసులకు సమాచారం ఇవ్వాల్సి ఉన్నా, బాలిక, ఆమె సంరక్షకులు కోరితే పేరు వెల్లడించనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 తీర్పు చెప్పింది.

అపోహ 8: ఒప్పుకునేవాళ్లకు పసిప్రాణం మీద దయ లేదు, వద్దనేవాళ్లకు ఆడదాని మీద దయ లేదు.

వాస్తవం: ఈ తూకం న్యాయమూర్తులకే కష్టమైంది. 2023 అక్టోబరు 9న సుప్రీంకోర్టులో జస్టిస్ హిమా కోహ్లి, జస్టిస్ బి.వి. నాగరత్న ఇద్దరు బిడ్డల తల్లికి 26 వారాల గర్భం తొలగించడానికి అనుమతిచ్చారు. పిండం బతికే అవకాశం ఉందని ఎయిమ్స్ డాక్టరు రాయడంతో 11వ తేదీన ఆ ఇద్దరూ చెరో తీర్పు ఇచ్చారు. 16న త్రిసభ్య ధర్మాసనం అనుమతి నిరాకరించింది. ఆ తల్లి చంటిబిడ్డకు పాలిస్తోంది. ముట్టు రాకపోవడంతో గర్భం సంగతి ఆలస్యంగా తెలిసింది. మొదటి నెలల్లోనే తెలిసి ఉంటే ఈ ధర్మసంకటం ఎవరికీ వచ్చేది కాదు.

మన చట్టం ఎంచుకున్న దారీ ఇదే. తొలి వారాల్లో స్త్రీ మాటకు ఎక్కువ బరువు, వారాలు పెరిగేకొద్దీ పిండానికి ఎక్కువ రక్షణ. ఈ దారి న్యాయమైనదని నా నమ్మకం. పిండం మీద దయ ఉన్నవారైనా, స్త్రీ హక్కు కోరేవారైనా కోరుకోవాల్సింది ఒక్కటే: ఆమెకు నిజం తొందరగా తెలియాలి, డాక్టరు తొందరగా అందాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా గురించి నోరు విప్పారు, ప్రభుత్వాన్నే కదిలించారు. అదే జిల్లాలో ఈ విషయం మాత్రం గుసగుసగా ఎందుకు మిగలాలి? అమ్మలారా, అక్కలారా, ఆఖరి ముట్టు తేదీ గుర్తుపెట్టుకోండి. నెల తప్పితే వారంలోగా పరీక్ష చేయించుకోండి. గర్భం వద్దనుకుంటే మందుల షాపుకు కాదు, ఆసుపత్రికి వెళ్లండి. భయపడి ఆగిపోయిన పిల్ల ఇంట్లో ఉంటే తిట్టకండి, తోడుగా వెళ్లండి.