పంపు కనిపిస్తోంది... లెక్కలో లేదు!

"బ్రో, ప్లాంట్ రూమ్‌లో నాలుగు పంపులున్నాయి. షెడ్యూల్లో మూడే వస్తున్నాయి. నీ ప్లగిన్‌లో బగ్ ఉన్నట్టుంది."

శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి మా మెకానికల్ టీమ్ నుంచి వచ్చిన మెసేజ్ ఇది. బిల్డింగులు డిజైన్ చేసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌కి ప్లగిన్లు రాయడం నా పని. కోడ్ రెండుసార్లు చూశా. తప్పేం దొరకలేదు. చివరికి మోడల్ తెరిచి ఆ నాలుగో పంపు మీద క్లిక్ చేశా. సంగతి బయటపడింది. రెవిట్ దృష్టిలో అది పంపే కాదు, 'ఇంపోర్ట్ సింబల్'!

పంపు తయారుచేసే కంపెనీ ఇచ్చిన త్రీడీ క్యాడ్ ఫైల్‌ని ఎవరో నేరుగా ప్రాజెక్టులోకి తెచ్చి పెట్టేశారు. చూడ్డానికి మిగతా మూడింటికంటే అదే బాగుంది. బోల్టుల మీద మరలు కూడా కనిపిస్తున్నాయి. కానీ బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్‌లో, అంటే బిమ్‌లో, ఆకారం ఒక్కటే చాలదు. ఇది గోడ, ఇది పంపు అని సాఫ్ట్‌వేర్‌కి తెలియాలి. క్యాడ్ నుంచి వచ్చింది ఉత్త ఆకారం. నీళ్ల ఫ్లో ఎంత, మోటారు ఎన్ని కిలోవాట్లు, పైపు ఎక్కడ కలవాలి... ఏదీ అందులో లేదు. అందుకే షెడ్యూల్లోకి రాలేదు. సోమవారం ఆ షెడ్యూల్ పట్టుకునే కొనుగోలు లిస్టు వెళ్లాలి. మూడు పంపులతో వెళ్లిపోయేదే!

దీనికి మందు 'ఫ్యామిలీ'. మెకానికల్ ఎక్విప్‌మెంట్ కేటగిరీలో కొత్త ఫ్యామిలీ ఫైల్ తెరిచి, క్యాడ్ మోడల్‌ని అందులోకి తెచ్చాం. దాని కొలతల మీదే మామూలు పెట్టెలు, సిలిండర్లతో పంపు గీశాం. పైపు కనెక్టర్లు పెట్టాం, పారామీటర్లు ఇచ్చాం, ఆ తర్వాత క్యాడ్‌ని తీసేశాం. మరలు పోయాయి, అందం తగ్గింది. ఫైల్ బరువూ తగ్గింది. బిల్డింగ్ మోడల్లో బోల్టు మరలతో ఎవరికి పని చెప్పండి!

టూడీ డ్రాయింగులైతే నేను 'ఇంపోర్ట్' జోలికే పోను, 'లింక్' చేస్తా. ఆర్కిటెక్ట్ ప్లాన్ మార్చి పంపితే రీలోడ్ కొడితే సరిపోతుంది. ఇంపోర్ట్ చేసి 'ఎక్స్‌ప్లోడ్' కొట్టారో, పదులకొద్దీ కొత్త లైన్ స్టైల్స్ ఫైల్లో చేరతాయి. గీతలు డిలీట్ చేసినా అవి పోవు. సర్వే డ్రాయింగులతో ఇంకో తంటా. వాటి కోఆర్డినేట్లు లక్షల మీటర్లలో ఉంటాయి. రెవిట్ అంతర్గత మూలబిందువు నుంచి 16 కిలోమీటర్లు దాటితే గీతల కచ్చితత్వం మీద నమ్మకం పెట్టుకోలేం.

సోమవారం లిస్టులో నాలుగు పంపులూ వెళ్లాయి. ఆ వారమే చిన్న ప్లగిన్ రాశా. మోడల్లో లింక్ కాకుండా నేరుగా ఇంపోర్ట్ అయినవన్నీ వెతికి చూపిస్తుంది. అదే ప్రాజెక్టు మీద మొదటిసారి నడిపితే 61 దొరికాయి. వాటిలో రెండు నీళ్ల ట్యాంకులు. మెకానికల్ టీమ్‌కి స్క్రీన్‌షాట్ పెట్టి, "బ్రో, బగ్ దొరికింది" అన్నా.