చిల్లర కరవు - వర్తకుల బిళ్లలు

1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసినవి. నేటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతములలో చాల భాగము నాడు ఆ జిల్లాలోనివే. యుద్ధము గుమ్మము వరకు వచ్చిన ఆ యేడే దేశమంతట మరియొక కష్టము కలిగెను. అంగళ్లలో చిల్లర నాణెములు కరవయ్యెను.

ఏల? రాగి, నికెలు యుద్ధసామగ్రికి అవసరమయ్యెను. ధరలు పెరిగిన కొలది చిల్లర వాడకమును పెరిగెను. కాగితపు నోటుపై నమ్మకము సడలినవారు నాణెములు దాచుకొనిరి; వారిని చూచి తక్కినవారును దాచిరి.

దీనివలన నష్టమెవరికి? సంతలో మూడు కానీల కూర కొని అణా యిచ్చిన కూలివానికి ఒక కానీ తిరిగి రావలెను. అది దొరకనిచో అతడు తన అణాలో నాల్గవ వంతు వదలుకొనవలెను. లేదా కూర మానుకొనవలెను.

ఈ చిక్కు తీర్చుటకు పలుచోట్ల తపాలా బిళ్లలు చిల్లరగా చెల్లినవి. వర్తకులు తమ పేర చీటీలిచ్చిరి. మోర్వి, నవానగరు, బికనీరు మొదలగు సంస్థానములు నగదు కూపన్లు అచ్చువేయించినవి.

అట్టి చీటీకి విలువ ఎక్కడిది? నాణెమునకు ప్రభుత్వము పూచీ. చీటీకి వర్తకుని మాటయే పూచీ. ఆ వర్తకుని ఎరిగినవారి మధ్యనే అది చెల్లును. ఊరు దాటినచో వట్టి కాగితమే.

ఆ మాట తప్పినచో ఏమగునో అమెరికా అంతర్యుద్ధము (1861-65) నాటి అనుభవము తెలుపును. అచ్చటను చిల్లర మాయము కాగా వర్తకులు రాగిబిళ్లలు పోయించిరి. న్యూయార్కులో లిండెన్‌ముల్లరు అను మద్యవర్తకుడు పదిలక్షలకు పైగా బిళ్లలు విడుదల చేసెను. ఒక ట్రాము కంపెనీ తనయొద్ద పోగుపడిన బిళ్లలకు సొమ్మడుగగా అతడు నవ్వి త్రోసిపుచ్చెనని చెప్పుదురు. 1864లో చట్టము ఇట్టి ప్రైవేటు బిళ్లలను నిషేధించెను.

మన దేశమున ప్రభుత్వము నాణెములను దాచుట నేరమని ప్రకటించెను. 1943లో నడుమ రంధ్రముగల కానీని విడుదల చేసెను. దానినే జనులు చిల్లు కానీ అనిరి. పాత కానీ బరువు సుమారు 5 గ్రాములు, క్రొత్తది సుమారు 2 గ్రాములు. అనగా ఒక కిలో కంచుతో పూర్వము 200 కానీలు తయారైనచో, ఇప్పుడు 500 తయారగును. లోహము తగ్గినందున కరగించి అమ్ముకొను ఆశయు తగ్గును. కానీ విలువ మాత్రము తగ్గలేదు. ఏలయన ఆ విలువ లోహములో కాక పూచీలో ఉన్నది.

చిల్లరకు బదులు దుకాణదారు మిఠాయిబిళ్ల చేతిలో పెట్టినపుడు విద్యార్థులు ఈ విషయమును పరీక్షింపవచ్చును. మరునాడు అదే బిళ్లను తిరిగి యిచ్చినచో అతడు పుచ్చుకొనునా? పుచ్చుకొన్నచో అది ద్రవ్యము; లేనిచో మిఠాయి మాత్రమే.