ఎమర్జెన్సీ వార్డులో పారామెడిక్: అపోహలు – వాస్తవాలు

పంజాగుట్ట చౌరస్తాలో సైరన్ మోగగానే అంబులెన్స్ నిమ్స్ ఆస్పత్రికే వెళ్తోందని అమీర్‌పేట హాస్టల్ కుర్రాళ్లు సైతం చెప్పేస్తారు. గేటు దాటాక లోపల ఎవరు ఏ పని చేస్తారన్న దగ్గరే లేనిపోని నమ్మకాలున్నాయి.

అపోహ: పేషెంట్‌ని స్ట్రెచర్ మీదికి దించడంతో పారామెడిక్ పని అయిపోతుంది.

వాస్తవం: 108 అంబులెన్స్ సేవలు హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. రక్తం ఆపడం, ఆక్సిజన్ పెట్టడం, అవసరమైతే దారిలోనే కాన్పు చేయడం అంబులెన్స్‌లోని ఈఎంటీలకు (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్లకు) అలవాటైన పనులే. కాల్ సెంటర్‌లో కూర్చున్న డాక్టర్ ఫోన్‌లో చెబుతుంటే మందులూ ఇస్తారు. ఎమర్జెన్సీ వార్డులో మొదటి పావుగంటకు కావలసిందీ ఇలాంటి చేతులే. ఛాతీ నొప్పితో వచ్చినవారికి 10 నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టర్‌కి చూపించాలన్నది ప్రపంచమంతా పాటించే ప్రమాణం. గుండె ఆగితే నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలి, అలసిపోకుండా రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. డ్యూటీ డాక్టర్ ఒక్కరే ఉండి, ఆయన యాక్సిడెంట్ కేసు దగ్గర ఉంటే ఇదంతా ఎవరు చేయాలి?

అపోహ: డాక్టర్ల జీతాలు మిగుల్చుకోవడానికే వీళ్లని పెడతారు.

వాస్తవం: ఈ అనుమానాన్ని నేను కొట్టిపారేయను. అదుపు లేకపోతే అలాగే జరుగుతుంది. బ్రిటన్ ఆస్పత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో పారామెడిక్‌లు పనిచేస్తున్నారు. పైస్థాయి శిక్షణ ఉన్నవారు సొంతంగా మందులు రాయడానికి 2018లో అక్కడి చట్టం ఒప్పుకుంది కూడా. కానీ అక్కడ రిజిస్ట్రేషన్ లేనివారు పారామెడిక్ అని చెప్పుకోవడమే నేరం. మందులు రాయాలంటే ఏళ్ల అనుభవం, మరో ప్రత్యేక కోర్సు ఉండాలి. మన 108 సిబ్బందిలో ఎక్కువమంది డిగ్రీ తర్వాత కొద్ది వారాల శిక్షణతో అంబులెన్స్ ఎక్కినవాళ్లు. వాళ్లని తెచ్చి నేరుగా రోగ నిర్ధారణకి నిలబెడితే అది రోగికీ అన్యాయం, వాళ్లకీ అన్యాయం. ఏది సొంతంగా చేయొచ్చు, ఏది డాక్టర్ చెబితేనే చేయాలి, ఏది ముట్టుకోకూడదు? ఈ మూడూ ప్రతి ఆస్పత్రీ కాగితం మీద పెట్టాలి. నోటిమాట చాలదు, పొరపాటు జరిగిన రోజున మాట మారిపోతుంది.

అపోహ: వీళ్లకి చట్టంలో చోటే లేదు.

వాస్తవం: అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం పార్లమెంటు 2021లో జాతీయ కమిషన్ చట్టం చేసింది. దాని షెడ్యూల్‌లో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టు, అడ్వాన్స్ కేర్ పారామెడిక్ పేర్లు స్పష్టంగా ఉన్నాయి. గోడ మీద ప్రకటన చూసి ఏదో ఒక పారామెడికల్ కోర్సులో చేరేవాళ్లు ముందు ఆ జాబితా చూసుకోవడం మంచిది. ల్యాబ్ టెక్నీషియన్ చదువు వేరు, పారామెడిక్ చదువు వేరు.

అపోహ: అంబులెన్స్‌లో వెళ్తే ముందు మనల్నే చూస్తారు.

వాస్తవం: చూడరు. ఆటోలో వచ్చినా ఊపిరాడనివారిదే మొదటి వంతు. ఆ వంతు తేల్చే చోట డాక్టర్ పర్యవేక్షణలో శిక్షణ పొందిన పారామెడిక్ ఉంటే బంధువుల గొడవలూ కొంత తగ్గుతాయి.

మీవాళ్లకి సూది వేసేది డాక్టరా, నర్సా, పారామెడికా అని మొహమాటపడకుండా అడగండి. వైద్యం చేసేవారి పేరు, అర్హత తెలుసుకునే హక్కు జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోనే ఉంది.