ఒక్క సారు, అయిదు తరగతులు

ఎందులోనైనా మొదటి స్థానం వస్తే ఫ్లెక్సీలు కట్టుకునే అలవాటు మనది. ఈ ఒక్కదానికి మాత్రం ఎవరూ కట్టలేదు. కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ లెక్కల్లో, ఒక్కరే టీచరున్న బడులు అందరికంటే ఎక్కువున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. దేశం మొత్తంలో అలాంటివి 1,04,125 ఉంటే ఇక్కడే 12,912 ఉన్నాయి. తెలంగాణలో 5,001.

ఏకోపాధ్యాయ పాఠశాల అని కాగితాల్లో గంభీరంగా రాస్తారు గానీ, లోపలికెళితే తెలుస్తుంది. ఒకటోవాళ్లకు అక్షరాలు దిద్దమని పలకలిచ్చి, నాలుగోవాళ్లకు భాగహారం చెబుతూ, మధ్యలో రెండోవాళ్ల తగువు తీర్చాలి. భోజనంలోకి వచ్చిన గుడ్లు లెక్కపెట్టాలి. యాప్‌లో హాజరు ఎక్కించాలి. సిగ్నల్ లేకపోతే ఫోను పట్టుకుని గుట్టెక్కాలి. ఆ సారుకో టీచరమ్మకో జ్వరమొస్తే పక్కూరి నుంచి మరొకరు రావాలి. అక్కడా ఒక్కరే ఉంటే? ఎంఈఓ నాలుగు ఫోన్లు చేసి ఎవరినో సర్దుబాటు చేస్తారు, లేదంటే ఆ పూట బడి ఉండదు. బదిలీ అయినా కదలడానికి లేదు. రిలీవర్ వచ్చేదాకా ఆర్డరు జేబులోనే.

విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లలు 60 మంది లోపున్నా ప్రాథమిక బడిలో ఇద్దరు టీచర్లుండాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి ఉన్న చట్టమిది. మరి ఒక్కరే ఎందుకున్నారంటే, పిల్లలు తగ్గిపోయారన్నది సర్కారు జవాబు. అబద్ధమేమీ కాదు. తెలంగాణలో ఒక్క పిల్లాడూ లేని బడులే 2,245. అయితే పిల్లలు ఎందుకు తగ్గారని కూడా అడగాలి కదా. ఆంధ్రలో 2022 నాటి 117 జీవో చాలాచోట్ల 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లకు తరలించింది. మిగిలిన రెండు తరగతులకు ఒక్కరు చాలన్నారు. అది చూసిన తల్లి పిల్లను ఆటో ఎక్కించి ప్రైవేటుకు పంపింది. అక్కడి టీచరుకు జీతం అంతంతమాత్రమే, అయినా తరగతికొకరు కనబడతారు. ఫీజంతా ఇంగ్లిషు మీడియానికే కడుతున్నారని మనం అనుకుంటాం. నా లెక్కలో సగం ఆ కనబడే మనిషికే.

పోనీ, చెప్పేవాళ్లు దొరకడం లేదా? ఆంధ్రలో టీచర్ల నియామకానికి పెట్టిన 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు పోటీపడినవారు 3.36 లక్షల మంది. కరువు మనుషులకు కాదు, నోటిఫికేషన్లకు. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు ప్రకటన వచ్చాక, మళ్లీ 11,062 పోస్టుల డీఎస్సీ 2024లో గానీ జరగలేదు.

ఇలాంటి ఖాళీ ఏళ్లలో బడులు నడిచిన తీరే అసలు కథ. 1980లలో నెలకు 398 రూపాయలిచ్చి స్పెషల్ టీచర్లను పెట్టుకున్నారు. ఆ అంకే వాళ్ల ఇంటిపేరైంది. ఇప్పటికీ ‘398 టీచర్లు’ అనే అంటారు. ఆ కాలానికి నోషనల్ ఇంక్రిమెంట్లు ఇవ్వండి మహాప్రభో అని వాళ్లు తిరగని ఆఫీసు లేదు. తర్వాత అప్రెంటిస్ టీచర్లు. ఆ తర్వాత విద్యా వలంటీర్లు: తెలంగాణలో నెలకు 12 వేలు, కరోనాతో అదీ పోయింది. 1998 డీఎస్సీలో అర్హత సాధించి ఉద్యోగం దక్కనివారిని ఆంధ్ర ప్రభుత్వం 2023లో పిలిచింది, అదీ కాంట్రాక్టు మీద. పాతికేళ్ల ప్రాయంలో పరీక్ష రాసినవాళ్లు యాభై దాటాక సుద్దముక్క పట్టుకున్నారు. 2008 డీఎస్సీలో ఉద్యోగం దక్కక నష్టపోయిన బీఈడీ వారికి తెలంగాణలో 2025లో కాంట్రాక్టు ఉద్యోగాలొచ్చాయి, నెలకు 31,040 రూపాయలకు. రెగ్యులర్ ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) స్కేలు మొదలయ్యేది ఆ అంకె దగ్గరే. వాళ్లకు అక్కడే ఆగిపోతుంది.

ప్రభుత్వాలు మారినా ఈ పద్ధతి మారకపోవడానికి కారణం ఖజానాలో ఉంది. 2025-26లో తెలంగాణ 3,04,965 కోట్ల బడ్జెట్‌లో విద్యకు దక్కింది 23,108 కోట్లు, అంటే ఏడున్నర శాతం. ఏ రాష్ట్రంలోనైనా ఆ పద్దులో పెద్ద వాటా జీతాలే. రోడ్డు పని ఆగితే గుంత కనబడుతుంది, పింఛను ఆగితే ముసలమ్మ నిలదీస్తుంది. టీచరు పోస్టు ఆగితే ఎవరికీ కనబడదు. ఇంత సుఖమైన పొదుపు ఆర్థిక శాఖకు మరొకటి దొరకదు.

ఆంధ్రలో 117 జీవో రద్దయింది. తరగతికొక టీచరుండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు వచ్చాయి, మంచి అడుగే. కానీ పిల్లలు మరీ తక్కువున్న చిన్న బడులకు ఒక్కరే అన్న లెక్క ఇంకా పోలేదు. ఏటా డీఎస్సీ అన్న హామీ కూడా వినబడుతోంది. వచ్చే ఏడాది ఎవరెవరు రిటైరవుతారో డీఈవో ఆఫీసుకు ఇప్పుడే తెలుసు, పుట్టిన తేదీలు సర్వీసు రిజిస్టర్లలోనే ఉంటాయి. ఆ జాబితా చూసి జూన్‌లో బడి తెరిచేనాటికి మనిషిని పంపడానికి కొత్తగా కమిటీ ఏదీ అక్కర్లేదు.